కచేరీ సందేహాలు: గొంతు, మైకు, గడియారం

కర్ణాటక సంగీత కచేరీల ధనుర్మాసం సీజన్ దగ్గర పడుతోంది. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం చెన్నై పాఠకులవే. సాధన గురించి అడిగినవాళ్లు తక్కువ. వేదిక ఎక్కాక వచ్చే తంటాల గురించే దాదాపు అందరూ అడిగారు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాటికే వదిలేశాం.

మా అమ్మాయికి ఈ డిసెంబరులో ఒక సభలో మధ్యాహ్నం గంటన్నర కచేరీ ఇచ్చారు. ఇంట్లో పాడితే అన్నీ సరిపోతాయి. వేదిక మీద మాత్రం ప్రధాన రాగం ఎత్తుకునేసరికే గంట దాటుతుంది. చివరికి తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) కుదించాల్సి వస్తుంది. ఎక్కడ తేడా వస్తోంది? (గృహిణి, మాంబళం)

ఇంట్లో మీరు కృతుల నిడివి మాత్రమే చూసి ఉంటారు. వయొలిన్ లేకుండా పాడిన ఆలాపనకు ఐదు నిమిషాలు పడితే, వేదిక మీద దానికి ఎనిమిది రాసుకోవాలి. వయొలిన్ జవాబు సాధారణంగా గాత్రంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. స్వరకల్పనలో (సరిగమలను అప్పటికప్పుడు అల్లి పాడటంలో) కూడా ఇంతే, అమ్మాయి ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) పాడితే వయొలిన్ ఇంకో ఆవర్తం. దీనికి తోడు తెర తీశాక శ్రుతి సరిచూసుకోవడం, మైకు జరపడం, పాటకూ పాటకూ మధ్య అర నిమిషం చొప్పున పోయేది. తొంభై నిమిషాల్లో పాడటానికి నికరంగా దొరికేది ఎనభై అయిదే అనుకోండి.

ఇప్పుడు వెనక నుంచి లెక్క కట్టండి. మంగళంతో కలిపి చివరి చిన్న పాటలకు 7 నిమిషాలు. తనికి 9. ప్రధాన కృతిలో నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం), స్వరాలకు 9, కృతికి 10, ఆలాపనకు 9, దానికి వయొలిన్ జవాబు 5. ఇవి కలిపితే 49. అంటే ప్రధాన రాగం నలభయ్యో నిమిషం దాటకుండా మొదలు కావాలి. ముందున్న నలభైలో మొదటి సర్దుబాటుకు 3, వర్ణానికి 5, కొద్దిగా స్వరాలతో ఒక కృతికి 8, చిన్న ఆలాపనతో ఉపప్రధానానికి (రెండో పెద్ద కృతికి) 18, చురుకైన చిన్న కృతికి 4. మొత్తం 38. చేతిలో మిగిలేది రెండు నిమిషాలు.

ఈ జాబితాలో ఆ చురుకైన చిన్న కృతి ఎందుకుందో గమనించండి. అది తీసేయడానికే ఉంది. ఉపప్రధానం అయ్యేసరికి గడియారం 36 దాటితే దాన్ని వదిలేసి నేరుగా ప్రధాన రాగంలోకి వెళ్లాలి. ఈ నిర్ణయం ఇంట్లోనే అయిపోవాలి, పక్కవాద్యం వాళ్లకు ముందే తెలిసి ఉండాలి. వేదిక మీద ఆలోచిస్తే ఎవరూ పాట వదులుకోరు.

వర్ణంతో మొదలుపెట్టి, చిన్న కృతులు పాడి, మధ్యలో పెద్ద రాగం, తని, చివర తేలిక పాటలు పెట్టే ఈ అమరికను స్థిరపరచిన ఘనత అరియకుడి రామానుజ అయ్యంగారి(1890–1967)దని చెబుతారు. ఆయన కచేరీలు మూడు నాలుగు గంటలు. ఆ పద్ధతిని గంటన్నరలోకి కుదించాలంటే ప్రతిదీ కొంచెం కొంచెం తగ్గించడం కన్నా ఒక అంశాన్ని పూర్తిగా తీసేయడమే మంచిదని మా అభిప్రాయం. తొమ్మిది పాటలు పరుగున పాడినదానికన్నా ఆరు పాటలు ఊపిరి పీల్చుకుంటూ పాడింది వినబుద్ధవుతుంది. తనిని కోయడం మాత్రం వద్దు. మృదంగం వాయించే ఆయన ఆ తొమ్మిది నిమిషాల కోసమే గంటసేపు ఓపిక పట్టి ఉంటారు.

ఇంకో మాట. మొదటి పాట కంగారులో కాలప్రమాణం పెరుగుతుంది, అది మామూలే. పల్లవి మొదటి పంక్తిని బట్టి వేగం నిర్ణయించుకుంటే, చరణంలో ఇరుకైన సంగతి (ఒకే పంక్తిని ఇంకోలా మలిచి పాడేది) వచ్చేసరికి మాటలు నలిగిపోతాయి. ఆ పాటలో అన్నింటికన్నా కష్టమైన సంగతిని మనసులో ఒకసారి పాడుకుని, ఆ వేగానికి తాళం వేసి, అప్పుడు పల్లవి ఎత్తుకోమనండి. ఇంట్లో మెట్రోనోమ్ పెట్టి ఒక్కో కృతికి సరైన అంకె చూసి జాబితాలో పాట పక్కన రాసిపెట్టుకోవాలి. గడియారం కోసం ఫోను వాడకుండా, పెద్ద అంకెలున్న చిన్న బల్ల గడియారం శ్రుతి పెట్టె పక్కన పెడితే సరిపోతుంది. చేతి గడియారం చూసుకోవడం ముందు వరసకు తెలిసిపోతుంది.

స్టేజీ మీద నా గొంతు నాకే వినపడదు. మానిటర్ (పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకరు) పెంచమంటే కూత మొదలవుతుంది. తగ్గిస్తే గొంతు చించుకుని పాడాల్సి వస్తుంది, మూడో పాటకే బొంగురు. ఏం చేయాలి? (గాయని, టి.నగర్)

పెంచమని అడగడమే ఇక్కడ చిక్కు. మైకు విన్నది స్పీకరులోంచి వస్తుంది, స్పీకరులోంచి వచ్చింది మళ్లీ మైకులోకి వెళ్తుంది. ఆ చుట్టు ఒక స్థాయి దాటితే కూత. కాబట్టి మానిటర్ ముట్టుకునే ముందు మైకులోకి మీ గొంతు ఎక్కువగా, మిగతా శబ్దాలు తక్కువగా వెళ్లేలా చూడాలి.

మొదట దూరం. నోటికి మైకు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి, అంటే 8 సెంటీమీటర్లు. ఆ దూరం రెట్టింపైతే మైకులోకి చేరే మీ గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. పాడుతూ తల వెనక్కి వాల్చే అలవాటున్నవాళ్లకు అదే జరుగుతుంది, సౌండ్ అతను దాన్ని భర్తీ చేయడానికి పెంచుతాడు, కూత వస్తుంది. మరీ పెదవులకు ఆనిస్తే కింది స్థాయిలో గుంయ్‌మని బరువెక్కుతుంది, మాట అర్థం కాదు. కూర్చుని పాడేవాళ్లకు మామూలు నిలువు స్టాండు పనికిరాదు, వంపు చేయి ఉన్న పొట్టి స్టాండు కావాలి. అది లేకపోతే మీరే మైకు దగ్గరకు వంగుతారు, వంగితే ఊపిరి పట్టేస్తుంది.

తర్వాత మానిటర్ ఉండే చోటు. ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ (ఎక్కువగా ముందు వైపు వినే) మైకు తన వెనక వైపు శబ్దాన్ని బాగా తక్కువగా తీసుకుంటుంది. అందువల్ల మానిటర్ మీకు ఎదురుగా, మైకు తోకకు సూటిగా ఉండాలి. బీటా 58 లాంటి సూపర్ కార్డియాయిడ్ అయితే సరిగ్గా వెనక కొంచెం వింటుంది, చెవుడు ఉండేది వెనక పక్కలకు. దానికి మానిటర్‌ను కాస్త ఓరగా జరపాలి. వయొలిన్ కోసం పెట్టిన మానిటర్ మీ మైకు ముఖంలోకి తిరిగి ఉందేమో కూడా చూసుకోండి. చాలా హాళ్లలో కూతకు అసలు కారణం అదే.

ఇక మానిటర్లో ఏముండాలి? మీ గొంతు, తంబుర, కాస్త వయొలిన్. మృదంగం మీకు పక్కనే ఉంది, చెవికి నేరుగా వినిపిస్తుంది, దాన్ని మానిటర్లో పెట్టాల్సిన పనే లేదు. తీసేయమని అడిగి చూడండి, గొంతు పెంచకుండానే పైకి తేలుతుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైతే కూతకు ముందు దొరికే అవకాశం సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి వాడని మైకు మూసేయమనడం కూడా మీ గొంతుకు మేలే.

సౌండ్ చెక్‌లో ‘హలో, ఒకటి రెండు మూడు’ అంటే మీ పాట గురించి సౌండ్ అతనికేమీ తెలియదు. మంద్ర స్థాయిలో ఒక పంక్తి, తారస్థాయిలో గట్టిగా ఒక పంక్తి పాడండి. ముందు గొంతు, తర్వాత తంబుర, వయొలిన్, చివర్న మృదంగం. చాలామంది మృదంగంతో మొదలుపెడతారు. అప్పుడు దాని స్థాయికి గొంతును ఎక్కించాల్సి వస్తుంది. గొంతు ఎంతవరకు పెంచగలమో తేలాక మిగతావి దాని కింద సర్దాలి. గాత్రం మైకులో 100 హెర్ట్జ్ కింద కోయమని అడగండి. వేదిక చెక్కల దడదడ, స్టాండుకు తగిలే మోకాలి చప్పుడు పోతాయి, ఆడగొంతులో ఏమీ తగ్గదు. కూత ‘హూ’ అని బోలుగా వస్తే 200–500 హెర్ట్జ్ మధ్య, ‘కీ’ అని చెవిలో గుచ్చితే 2–4 కిలోహెర్ట్జ్ మధ్య వెతకమని చెప్పండి. అక్కడ 3 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. మొత్తం గొంతు తగ్గించనక్కర్లేదు.

ఎకో గురించి ఒక్క మాట. మన కృతుల్లో ఎక్కువ భాగం తెలుగు. చెన్నైలో వినేవాళ్లలో సగం మందికి ఆ మాటలు అసలే సగం అర్థమవుతాయి. హాలుకు తన ప్రతిధ్వని ఉండగా పైన మెషీన్‌తో ఇంకా ఎకో పెడితే హల్లులన్నీ కలగాపులగం. కృతులకు దాన్ని పూర్తిగా తీసేయమనండి. ‘ప’, ‘ఫ’, ‘భ’ల దగ్గర మైకు ‘ఠప్’మంటే మైకును నోటికి సూటిగా కాక, కొద్దిగా చెంప వైపు నుంచి పెట్టుకోండి. గాలి పక్కకు పోతుంది, స్వరం మాత్రం మైకులోకి చేరుతుంది.

మీకు వినిపించేది సభకు వినిపించేది కాదని కూడా గుర్తుంచుకోండి. స్నేహితురాలెవరినైనా పదో వరసలో కూర్చోబెట్టి అర నిమిషం ఫోనులో రికార్డు చేయించి వినండి. ఖాళీ హాలులో కొంచెం పదునుగా ఉంటే ఫరవాలేదు, జనం నిండాక బట్టలూ ఒళ్లూ పై ధ్వనులను పీల్చుకుంటాయి.

మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో ఫోనులో ట్రాక్ పెట్టి సినిమా పాటలు పాడతాం. ఇయర్‌ఫోన్లో బ్రహ్మాండంగా ఉన్న ట్రాక్, స్పీకర్లలో బోలుగా, బేస్ లేకుండా వస్తుంది. సౌండ్ వాళ్లు ట్రాకే బాగాలేదంటారు. (ఉద్యోగి, పెరంబూర్)

ట్రాక్ బాగానే ఉంది, వైరు తప్పు. ఫోను నుంచి వచ్చేది ఎడమ, కుడి అని రెండు సంకేతాలు. ఒక కొసన చిన్న పిన్ను, రెండో కొసన ఒకే పెద్ద స్టీరియో పిన్ను ఉన్న వైరును మిక్సర్‌లో ఒకే ఛానెల్‌కు గుచ్చితే, ఆ ఛానెల్ రెండింటినీ కలపదు. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేస్తుంది, బాలెన్స్‌డ్ ఇన్‌పుట్ పని తీరే అది. ఎడమ కుడి రెండింటిలోనూ సమానంగా ఉండే బేసు, డ్రమ్ము దెబ్బ, మధ్యలో ఉండే వాద్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతాయి. పక్కలకున్న తీగవాద్యాలు, ఎకో మాత్రం మిగులుతాయి. అదే మీరు విన్న బోలుతనం.

ఒక కొసన 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, రెండో కొసన రెండు 6.35 మిల్లీమీటర్ల మోనో పిన్నులు ఉన్న వై వైరు కొనండి. రిచీ స్ట్రీట్‌లో ఏ ఆడియో దుకాణంలో అడిగినా ఇస్తారు. రెండు పిన్నులనూ రెండు ఛానెళ్లకు గుచ్చి, రెండింటినీ ఒకే స్థాయిలో ఉంచాలి. వైరు 3 మీటర్లకు మించకపోవడం మేలు. మిక్సర్ హాలు వెనక ఉంటే ఫోను కూడా అక్కడే ఉంచి, ట్రాక్ వేసే పని ఒకరికి అప్పగించండి. ఫోను వేదిక మీదే ఉండాలంటే స్టీరియో డీఐ బాక్సు కావాలి. అది సంకేతాన్ని మైకు వైరులో దూరం పంపుతుంది. మిక్సర్ నుంచి మైకులకు వెళ్లే 48 వోల్టులు ఫోనుకు తగలకుండా కూడా ఆపుతుంది.

ఫోను చార్జింగులో పెట్టి పాట వేస్తే ‘గుయ్య్’మనే 50 హెర్ట్జ్ హమ్ రావచ్చు. పూర్తి చార్జి చేసుకుని, చార్జరు తీసి వేయండి. హమ్ పోగొట్టడానికి ఎవరైనా ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తానంటే ఒప్పుకోకండి, మైకు పట్టుకున్నవాళ్లకు షాకు కొడుతుంది. హమ్ ఆపడానికే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది. ఫోను విమాన మోడ్‌లో, శబ్దం 85 శాతం దగ్గర పెట్టండి. పూర్తిగా పెడితే కొన్ని ఫోన్లు బీటలు వారినట్టు పలుకుతాయి.

బ్లూటూత్ స్పీకరు మానిటరుగా పెట్టుకోవడం మాత్రం వద్దే వద్దు. పదో వంతు సెకను, ఒక్కోసారి అంతకు మించి ఆలస్యంగా వస్తుంది. దాన్ని విని పాడితే మీరు తాళానికి వెనక పడినట్టు సభకు వినిపిస్తుంది. శ్రుతి మార్చాలంటే కార్యక్రమానికి వారం ముందే మార్చిన ట్రాక్ తయారు చేసుకోండి. రెండు మూడు అర్ధస్వరాలకు మించి దింపితే వాద్యాలు నీళ్లలోంచి వినిపించినట్టుంటాయి.

ఏసీ హాళ్లలో కచేరీ మధ్యలో మృదంగం శ్రుతి పైకి పోతోంది, తొప్పి (ఎడమ ముఖం) పలకడం మానేస్తోంది. ఇంట్లో ఈ బాధ లేదు. (మృదంగ విద్యార్థి, మైలాపూరు)

డిసెంబరులో చెన్నై గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమలో చర్మం సడలి ఉంటుంది, మీరు దానికి తగ్గట్టు బిగిస్తారు. ఏసీలో అరగంట ఉంటే చర్మం ఆరిపోయి బిగుసుకుంటుంది, శ్రుతి ఎక్కుతుంది. కచేరీకి కనీసం గంట ముందే వాద్యాన్ని సంచిలోంచి తీసి ఆ హాలు గాలిలో, ఏసీ గాలి నేరుగా తగలని చోట ఉంచండి. చివరి పదిహేను నిమిషాల్లో శ్రుతి చేసుకోండి. వలంతల (కుడి ముఖం) అంచున ఉన్న తోలు అల్లికను పై నుంచి కొడితే శ్రుతి ఎక్కుతుంది, కింది నుంచి పైకి కొడితే దిగుతుంది. చుట్టూ సమానంగా పోతూ, ఎదురెదురు చోట్ల చూసుకుంటూ, చిన్న దెబ్బలే వేయాలి.

తొప్పి మీద రవ్వ ముద్ద ఆరిపోతే బరువు తగ్గి, కింది నాదం పోతుంది. బొంబాయి రవ్వను నీళ్లతో వేలికి అంటుకునేంత మెత్తగా కలిపి, వేదిక ఎక్కే ముందు పెట్టండి. చిన్న సీసాలో నీళ్లు, కాస్త అదనపు రవ్వ పక్కనే ఉంచుకుని, తనికి ముందు వచ్చే వయొలిన్ ఆలాపనలో తడి వేలితో రాయండి. నీళ్లు ఎక్కువైతే ముద్ద వాయిస్తూంటే జారి ఊడిపడుతుంది.

తొప్పి వైపు మైకు ఒక జానెడు దూరంలో ఉంచమనండి. మరీ దగ్గరైతే ప్రతి గుంకీ (తొప్పి మీద చేతిని ఒత్తి జరిపితే వచ్చే మోత) హాలంతా ‘ధం’మని పొంగుతుంది. సౌండ్ అతను దానికి జడిసి మొత్తం మృదంగాన్నే తగ్గించేస్తాడు.

వీణకు కాంటాక్ట్ మైకు అంటించి మిక్సర్‌కు కలిపితే సన్నగా, రేకు డబ్బాలా వినిపిస్తుంది. (వైణికురాలు, అన్నానగర్)

కాంటాక్ట్ మైకులో ఉండేది పీజో బిళ్ల, కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది. దాన్ని సుమారు 10 కిలో ఓముల లైన్ ఇన్‌పుట్‌కు నేరుగా కలిపితే కింది ధ్వనులు అందులోనే పోతాయి. మధ్యలో 1 మెగా ఓము ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ గానీ, ప్రీఆంప్ గానీ పెట్టండి. వీణ శరీరం ఒక్కసారిగా వెనక్కి వస్తుంది. బిళ్లను కుండ మీది పలకపై గుర్రం (తీగలు ఆనే వంతెన) పక్కన అంటిస్తే పదును, దానికి దూరంగా జరిపితే గుంభనం. ఒక్కో వేలెడు జరుపుతూ వినండి, బాగున్న చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి. మాగ్నెటిక్ పికప్ కొందామనుకుంటే ముందు మీ మంద్ర, అనుమంద్ర తీగలు దేనితో చేసినవో చూసుకోండి. ఇత్తడి తీగను అది పట్టుకోదు.

వేదిక దీపాలు మీ వైపు దగ్గరగా ఉంటే పక్కకు తిప్పమని అడగండి. వీణ మెట్ల కింద ఉన్నది మైనం. అది మెత్తబడితే మేళం (మెట్ల అమరిక) కదులుతుంది, అప్పుడు ఏ మైకూ ఏమీ చేయలేదు.

కచేరీ రోజు ఏం తినాలి? గొంతు కోసం పుదీనా బిళ్లలు చప్పరించవచ్చా? (గాయకుడు, వేళచ్చేరి)

భోజనం రెండు, రెండున్నర గంటల ముందే తేలిగ్గా ముగించండి. నిండు పొట్టతో కూర్చుంటే ఊపిరి కిందికి దిగదు, పులితేన్పులు గొంతును మంట పెడతాయి. నీళ్లు పొద్దుటి నుంచీ కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. మింగిన నీళ్లు స్వరతంత్రులను తాకవు, వేరే దారిన పోతాయి. అందుకని వేదిక ఎక్కే ముందు చెంబెడు తాగినా అప్పటికప్పుడు ఒరిగేది లేదు, మధ్యలో లేవాల్సి వస్తుంది. ఘాటైన పుదీనా బిళ్లలు గొంతును మొద్దుబారుస్తాయి, నొప్పి తెలియక ఎక్కువ ఒత్తిడి పెడతారు. వద్దు.

చరణం మాటలు మరచిపోతే? కాగితం పెట్టుకుంటే చిన్నతనంగా ఉంటుంది. (గాయని, ట్రిప్లికేన్)

చరణం అంతా రాసుకుంటే కళ్లు కాగితం మీదే ఉండిపోతాయి. ప్రతి పాటకూ అనుపల్లవి మొదటి రెండు మాటలు, చరణం మొదటి రెండు మాటలు, అంతే. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, శ్రుతి పెట్టె మీద ఆనించండి. మొదటి మాట అందితే మిగతాది దానంతటదే వస్తుంది. మరపు ఎక్కువగా వచ్చేది పంక్తి మధ్యలో కాదు, పంక్తి మొదట్లో. ఫోను, టాబ్లెట్ పెట్టుకుంటే తెర ఆరిపోకుండా అమర్చుకోండి. దాని వెలుతురు ముఖం మీద పడుతుందని తెలుసుకోండి.

అయినా పోతే తాళం ఆపకండి. వెనకటి పంక్తిని ఇంకో సంగతిగా మళ్లీ పాడండి, ఆ ఆవర్తం లోపల మాట రావచ్చు. రాకపోతే పల్లవికి వెళ్లండి. వయొలిన్ ఆయనకు ఈ రెండు దారులూ ముందే చెప్పి ఉంచితే, మీరు తడబడిన క్షణంలో ఆయన ఆ పంక్తిని నిలబెట్టి వాయిస్తారు. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఎవరినైనా చరణం మధ్యలో మీతో మాట్లాడించి, తాళం తప్పకుండా మళ్లీ పంక్తి అందుకోవడం అలవాటు చేసుకోండి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది, పదిహేను రోజులు చేస్తే సరిపోతుంది.